అన్నయ్య పాకకి దుమ్ము మింగే డబ్బా

మస్కట్,
శుక్రవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక

అన్నయ్యకు,

ముందుగా నీ కాళ్లకు, వదిన కాళ్లకు దండాలు. నా ఒంట్లో బాగుంది. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను. మీరంతా ఎలా ఉన్నారని అడగడం మర్యాద కాబట్టి అడుగుతున్నాను గానీ, నిన్ను అడిగితే "నాకేటిరా, రాయిలాగున్నాను" అంటావని తెలుసు. అందుకని ఆ ప్రశ్న వదినకే. వదినా, ఈ ఉత్తరం నువ్వే పైకి చదువు. అన్నయ్యకిస్తే కళ్లజోడు వెతుక్కునే వంకతో లేచి పాకలోకి వెళ్లిపోతాడు. ముందు పీట మీద కూర్చోబెట్టి, చేతిలో ఉలి ఉంటే లాక్కుని, అప్పుడు మొదలుపెట్టు.

ఫోన్లుండగా ఉత్తరం ఏమిటనుకుంటారేమో. ఫోన్లో నేను రెండు మాటలు అనేసరికి అన్నయ్య "సరేరా, నీకు బిల్లయిపోతాది, ఎట్టీ" అని పెట్టేస్తాడు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేడు కదా. ఇంకో కారణం కూడా ఉంది. ఇది పోస్టులో రాలేదు, డబ్బాలో వచ్చింది. రెండు పక్కలా ఉన్న క్లిప్పులు విప్పి మూత తీస్తేనే గానీ ఇది మీ చేతికి రాదు. అంటే అన్నయ్యా, ఆ డబ్బా మూత తియ్యడం నీకు వచ్చేసింది. ఇక నాకు రాదని మాత్రం అనకు.

ఆ డబ్బా దుమ్ము పీల్చే మెషిన్. ఇక్కడ షాప్ వాక్యూమ్ అంటారు. ఇళ్లలో తివాచీలు ఊడ్చేది కాదు, వడ్రంగి పనికి, గారేజీలకి వాడే మోటు రకం. మన వడ్రంగి పాక కోసమే పంపుతున్నాను. అది నా చేతికి ఎలా వచ్చిందో, నేను దాన్ని ఎలా తగలబెట్టానో అంతా చెబుతాను. తగలబెట్టిన సంగతి విని నవ్వుకో, పర్వాలేదు.

ఇక్కడ ఎండలు ఇప్పుడిప్పుడే తగ్గుతున్నాయి. పొద్దున్న కంపెనీ వాన్ ఎక్కేటప్పుడు కిటికీలోంచి వచ్చే గాలికి ఒళ్లు కాలడం లేదు, అదే మాకు పండగ. పని మామూలే, వంటింటి అలమరాలు. అంతా ప్లై చెక్క, పైన అతికించే షీట్లు. రోజంతా జిగురు వాసనే గానీ చెక్క వాసన తగలదు. గదిలో ఆరుగురం వంతులేసుకుని వండుకుంటాం. నా వంతు వస్తే చారు, అంతకు మించి నాకు రాదని వదినకి తెలుసు. మా వాన్ డ్రైవరు గణపతి బావది నౌపడ, ఉప్పు మళ్ల పక్క ఇల్లు. అతను ఎండు చేప వేయిస్తే పక్క గదుల వాళ్లు తలుపులు మూసుకుంటారు, మేం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింటాం. నా తిండి గురించి బెంగ పెట్టుకోకండి.

మొదట్లో నాకు శుక్రవారాలే కష్టంగా ఉండేవి. పనున్న రోజు ఎలాగో గడిచిపోతుంది. సెలవు రోజు మంచం మీద వెల్లకిలా పడుకుంటే మన పాకే కళ్లలో మెదిలేది. నువ్వు పూజా మందిరానికి శిఖరం చెక్కుతుంటే నేను కింద దిమ్మ పట్టుకుని కూర్చోవడం, నా మోకాళ్ల మీద పచ్చటి పనస చెక్క పొట్టు పడటం. దాచడమెందుకు, రెండు మూడు సార్లు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. ఇప్పుడు లేదులే. శుక్రవారాలకి ఒక చోటు దొరికింది.

ఒకసారి ఒక పెద్దాయన ఇంట్లో అలమరా బిగించడానికి కంపెనీ నన్ను పంపింది. ఓడల్లో ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి, ఈ ఊరివాడే. మేం బాబా అంటాం. నాకంటే బాగా హిందీ మాట్లాడతాడు. ఇంటి పక్కన కారు షెడ్డులో కారు బయట పెట్టేసి, లోపల చిన్న చిన్న చెక్క పడవలు చేసుకుంటాడు. అమ్మడానికి కాదు, చేతులు ఊరుకోక. నేను అలమరా బిగించి వెళ్తూ ఆ షెడ్డులోకి తొంగి చూశాను. బల్ల మీద మోచేతి పొడవు పడవ సగం అయి ఉంది. ఒక పలక చెక్క నారకి అడ్డంగా కోసి ఉంటే నోరూరుకోక అది విరుగుతుందని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి ఉలి తీసి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నేను అక్కడే.

మొదటిసారి ఆయన టేకు పలక కరెంటు కట్టర్ మీద కోస్తుంటే అలవాటుగా ముక్కుకి భుజం అడ్డం పెట్టుకున్నాను. కోయడం అయ్యాక చూస్తే నేల మీద పిడికెడు పొట్టు కూడా లేదు. ఆయన కనురెప్పల మీద దుమ్ము లేదు. కట్టర్ వెనక నుంచి ఒక లావుపాటి గొట్టం వచ్చి మూలనున్న డ్రమ్ములోకి వెళ్తోంది. డ్రమ్ము రొద చేస్తోంది. లేచిన పొట్టు లేచినట్టే గొట్టంలోకి పోతోంది. నేను వంగి నేల మీద అరచెయ్యి రాసి చూసుకున్నాను. బాబా నవ్వాడు. "ఈ డబ్బా నా ఊపిరి కోసం కొన్నాను. ఓడల్లో ఇనుప దుమ్ము తిన్నది చాలు" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే వదిన నాకు ఫోన్ చేసింది. అన్నయ్యా, నువ్వు ఆమె మీద కోప్పడకూడదు, నా మీద ఒట్టు. "బాబూ, మీ అన్నకి ఊపిరి సగమే అందతన్నాదట. శ్రీకాకుళంలో డాక్టరు ఫొటో తీసి సూసినారు. దుమ్మయినా మానాల, పనైనా మానాల అన్నారు. ఎవలికీ సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నారు. నువ్వు ఎవలివో కాదు కదా, అందుకని సెప్తన్నాను" అంది. పాక మూసేసి చీపురుపల్లి బజార్లో ఏదైనా కొట్టు పెట్టుకుందామంటే నువ్వు వినడం లేదని కూడా చెప్పింది. "కొట్లో కూకుంటే ఆ మనిషి దగ్గుతో కాదు, బెంగతో పోతాడు" అని ఆమే అంది.

నాకు నాన్న గుర్తొచ్చాడు. నాన్నకీ ఇలాగే మొదలైంది కదా. చిత్రిక పడుతూ పడుతూ ఆపేసి గుంజ పట్టుకుని నిలబడేవాడు. మనం దగ్గరికి వెళ్తే "ఏటి సూస్తారు, పని సూసుకోండి" అని కసిరేవాడు. "దుమ్ముకి జడిసినోడు వడ్రంగి ఎలాగవుతాడ్రా" అనేవాడు. మనం ఆ మాట గొప్పగా చెప్పుకుని తిరిగాం. చివరి ఏడాది ఆయన పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు. ఆ సంగతి మాత్రం మనం ఎవరికీ చెప్పుకోలేదు. అన్నయ్యా, నాకు భయంగా ఉంది. ఇన్నాళ్లూ ఫోన్లో అనలేకపోయాను, ఇక్కడ రాసేస్తున్నాను.

నేను కిందటిసారి సెలవుకి వచ్చినప్పుడు మాస్కులు తెచ్చాను. నువ్వు వాటిని మేకుకి తగిలించావు. దసరాకి పనిముట్లతో పాటు వాటికీ బొట్టు పెట్టావు. దండ ఒక్కటే తక్కువ. ఒక్కరోజు ముక్కుకి కట్టుకోలేదు. అందుకే ఈసారి ముక్కుకి కట్టుకునేది కాకుండా కట్టర్‌కి కట్టేది పంపుతున్నాను.

వదిన ఫోన్ తర్వాత శుక్రవారం బాబా దగ్గరికి వెళ్లి నీ సంగతి చెప్పాను. నాకు ఈ మెషిన్ పని నేర్పమన్నాను. ఆయన ఓపిగ్గా అన్నీ చూపించాడు. గొట్టం నోరు, కట్టర్ నోరు ఒక కొలత కావు. బాబా ఏదో రబ్బరు ముక్క కొనాలన్నాడు. నేను పాత సైకిల్ ట్యూబు జానెడు కోసి తొడిగి తాడు కట్టాను. ఆయన అది చూసి కొనడం మానేశాడు. డ్రమ్ము లోపల మడతల కాగితం ఫిల్టరు ఉంటుంది. మెత్తటి దుమ్ము దానికి పట్టేస్తే పీల్చడం తగ్గిపోతుంది. అందుకని కట్టర్‌కీ డ్రమ్ముకీ మధ్య ఒక ఖాళీ రంగుల బకెట్టు పెట్టాలి. మూతకి రెండు కన్నాలు చేసి, ఒక గొట్టాన్ని పక్కవాటుగా, ఇంకొకటి నడిమధ్య బిగిస్తే, పొట్టు బకెట్లో గిర్రున తిరిగి అడుక్కి పడిపోతుంది. డ్రమ్ములోకి కాస్త మెత్తటి పిండే పోతుంది. ఆ మూత నేనే చేశాను, డబ్బాతో పాటు వస్తోంది. బకెట్టు అక్కడ చూసుకో, మన వీధిలో రంగులేసే వాళ్ల దగ్గర ఎన్నయినా దొరుకుతాయి.

ఇక తగలబెట్టిన కథ. ఈ దసరాకి పనిముట్లకి పూజ ఎక్కడ చేసుకోవాలని దిక్కులు చూస్తుంటే, బాబానే తన షెడ్డులో చేసుకోమన్నాడు. గణపతి బావ పువ్వులు, అరటిపళ్లు తెచ్చాడు. బాబా పనిముట్లన్నీ తుడిచి బల్ల మీద పేర్చి పసుపు, కుంకుమ పెట్టాను. నీకు కొనబోయేది ఇలాంటిదే కదా అని వాక్యూమ్ డ్రమ్ముకి కూడా పెద్ద బొట్టు పెట్టాను. అరటిపండుకి అగరువత్తులు గుచ్చాను. నాన్న పేరు, నీ పేరు చెప్పుకుని దండం పెట్టుకున్నాను. బాబా గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాడు. చాలా బాగా జరిగింది.

పూజ చేసిన పనిముట్టుని ఆ రోజంతా ముట్టుకోకూడదు. నాన్న మనకి చెప్పింది, నువ్వు ఇప్పటికీ పాటిస్తున్నది. నేనేం చేశానో విను. నేల మీద పూరేకులు, అక్షింతలు, అగరువత్తుల నుసి పడి ఉన్నాయి. పరాయి వాళ్ల చోటు, చూడటానికి బాగోదు, చీపురు ఎక్కడుందో తెలియదు. వాక్యూమ్ పనిముట్టేమిటి, చీపురే కదా అనుకున్నాను. బొట్టు పెట్టేటప్పుడు పనిముట్టు, ఊడ్చేటప్పుడు చీపురు! చటుక్కున స్విచ్ వేసి నేలంతా పీల్చేసి, ఆపి, నా తెలివికి నేనే మురిసిపోతూ బాబా ఇచ్చిన ఖర్జూరాలు తింటూ వాకిట్లో కూర్చున్నాను.

గణపతి బావకి ముక్కు చురుకు. "బావా, ఏటో కాలతన్నాది" అన్నాడు. అగరువత్తి వాసనేలే అన్నాను. "అగరొత్తి కాదు బావా, సెక్క కాలతన్నాది, సూడు!" అని లేచాడు. పరిగెత్తి చూస్తే డ్రమ్ము మూత సందుల్లోంచి తెల్లగా పొగ. నుసితో పాటు అగరువత్తి నిప్పు కూడా లోపలికి పోయి, మెత్తటి టేకు పిండిలో కూర్చుని రాజుకుంది. అక్కడికి రెండు బారల దూరంలో బల్ల మీద బాబా పడవ ఉంది, తెరచాప కర్రలు కూడా ఎత్తేశాడు, ఏడాది పని. నేను ప్లగ్గు పీకి డ్రమ్ముని కాలితో తోసుకుంటూ బయట ఇసకలోకి నెట్టాను. గణపతి బావ మూత ఊడదీసి ఇసక పోశాడు, బాబా నీళ్లు తెచ్చి పోశాడు. ఫిల్టరు బొగ్గయింది. గొట్టం సగం కరిగిపోయింది.

బాబా ముందు లోపలికి వెళ్లి పడవ చూసుకున్నాడు. తర్వాత వచ్చి నా రెండు చేతులూ తిప్పి చూశాడు, కాలలేదని తేల్చుకున్నాడు. అప్పుడు డ్రమ్ము మీద ఇంకా చెరగని కుంకుమ బొట్టు చూపించి, ఇదెందుకు పెట్టావని అడిగాడు. మాకు అన్నం పెట్టే వాటికి ఏడాదికోసారి ఇలా పెడతామని, ఆ రోజు వాటికి సెలవని, ఆ సెలవు నేనే చెడగొట్టానని చెప్పాను. ఆయన "మీ నాన్న మంచి నియమం పెట్టాడు. మనుషులకి కూడా పెట్టుకుని ఉండాల్సింది" అన్నాడు.

నాన్న తనకని ఒక్కరోజు సెలవు తీసుకోలేదు కదా.

కొత్తది కొనిస్తానంటే బాబా వినలేదు. "నేను ఇంకోటి తెచ్చుకుంటాను. దీనికి ప్రాణం పోసే పని నీది. పోస్తే ఇది మీ అన్నది" అన్నాడు. మోటారు పై మూతలో ఉంటుంది కాబట్టి దానికేం కాలేదు. మూడు శుక్రవారాలు కూర్చుని విప్పి తుడిచాను, కొత్త ఫిల్టరు, కొత్త గొట్టం వేశాను. కరిగిన అంచుని ఆకురాయితో అరగదీశాను. మన ఊరి ప్లగ్గు బిగించాను. కిందటి వారం పనస చెక్క దొరక్క టేకు మీదే గంటసేపు కోసి చూశాను, మునుపటిలాగే పీలుస్తోంది. డ్రమ్ము పక్కన నల్లటి మచ్చ మాత్రం పోలేదు. అది నా బుద్ధికి గుర్తుగా ఉండనీ.

గణపతి బావ సెలవు మీద వస్తూ దీన్ని మోసుకొస్తున్నాడు. "ఏర్‌పోర్టులో ఆపి ఇదేటని అడిగితే ఏటి సెప్పాల బావా?" అన్నాడు. వడ్రంగి పనిముట్టని చెప్పు, చీపురని మాత్రం అనకు అన్నాను. రైల్లో చీపురుపల్లిలో దిగి మీకిచ్చి, తర్వాత బండికి నౌపడ పోతాడు. అతనికి అన్నం పెట్టి పంపండి. వదినా, తిరిగి వచ్చేటప్పుడు అతని చేత రెండు కేజీల చోడి పిండి పంపు. పొద్దున్నే అంబలి తాగక ఎన్నాళ్లయిందో. ఎండు చేపలు వద్దు, అవి అతనే తెస్తాడు.

అన్నయ్యా, కట్టర్ వేసే ముందే దీని స్విచ్ వెయ్యి, కట్టర్ ఆపాక నూరు అంకెలు లెక్కపెట్టి అప్పుడు ఆపు. చిత్రిక పడితే రాలే చెక్క చివ్వుల జోలికి దీన్ని తేకు, గొట్టంలో అడ్డం పడతాయి, అవి చేత్తో ఎత్తుకో. ఫిల్టరుని వారానికోసారి దొడ్లోకి తీసుకెళ్లి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, గాలి వాలు చూసుకుని నెమ్మదిగా తట్టు. నోటితో ఊదావంటే ఇన్నాళ్లు పట్టిన దుమ్మంతా నీ మొహం మీదికే వస్తుంది. శిఖరాలు నునుపు కావడానికి ఉప్పు కాగితం మెషిన్‌తో రుద్దుతావు కదా, దానికే అన్నిటికంటే మెత్తటి దుమ్ము లేస్తుంది, మనకి కనపడకుండా లోపలికి పోయేది అదేనట. దానికి కూడా ఈ గొట్టమే తగిలించు. మెషిన్ అంతా పీల్చేస్తుందని అబద్ధం చెప్పను. మిగిలిన కాస్తకి మేకు మీదున్న మాస్కు దించుకో. వదినా, బకెట్లో పడ్డ ముతక పొట్టు స్నానాల నీళ్లు కాచే పొట్టు పొయ్యికి కూరుకోవచ్చు. డ్రమ్ములో పిండి మాత్రం పొయ్యి దగ్గరికి తేవద్దు, భగ్గుమంటుంది. చూసినవాణ్ణి చెబుతున్నాను.

నువ్వు పని మానెయ్యాలని నేను అననన్నయ్యా. నీ చేతి శిఖరం ఈ దేశంలో కూడా ఎవరూ చెక్కలేరు, బాబాకి నీ మందిరం ఫొటో చూపిస్తే పెద్దది చేసుకుని ఒక్కో అంచూ చూశాడు. ఆ పని ఉండాలంటే నువ్వుండాలి. నువ్వు లేని పాక నాకు అక్కర్లేదు, అక్కడికి తిరిగొచ్చి నేను ఎవరి కింద దిమ్మ పట్టుకుని కూర్చోను? ఒక్కటే నా బెంగ. నువ్వు దీనికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, భద్రంగా మూల పెట్టేస్తావని. దీనికి పూజ అయిపోయింది, నేనే చేశాను, చూశావు కదా ఎంత బాగా జరిగిందో. ఇక వాడటమే మిగిలింది.

ఇరుగుపొరుగు పెద్దలందరికీ నా దండాలు చెప్పండి. నాన్న ఫొటో దగ్గర ఒక పువ్వు పెట్టండి, అగరువత్తి కాస్త దూరంగా. నేను బాగున్నాను, మళ్లీ మళ్లీ చెబుతున్నాను, బాగున్నాను. మీ ఇద్దరి దీవెన నా మీద ఉంటే చాలు.

వచ్చే శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. మాటల మధ్యలో నువ్వు ఫోన్ దూరంగా పెట్టి ఆ చేత్తో నోరు మూసుకుంటావని నాకు తెలుసన్నయ్యా. నీ దగ్గు నాకు వినపడకూడదని నీ తాపత్రయం, నాకేమో మాట ఆగిన ఆ చోటే అది వినపడుతుంది. ఈసారి అలా వద్దు. ఎత్తగానే ఏమీ మాట్లాడకు. ఫోన్ బల్ల మీద పెట్టి, మెషిన్ స్విచ్ వేసి, పనస చెక్క ఒక బారెడు కొయ్యి. నేను ఇక్కడ వింటూ కూర్చుంటాను, బిల్లు ఎంతయినా అవనీ.

నీ తమ్ముడు
సింహాచలం